తమ్ముడికి ఐఐటీ సీటు వచ్చింది, ఆదాయం సర్టిఫికెట్ దగ్గర ఇరుక్కున్నాం

మాది మిర్యాలగూడ దగ్గర పల్లె, బీసీలం, నాన్న రైస్ మిల్లులో హమాలీ. తమ్ముడికి జోసా కౌన్సెలింగ్‌లో ఐఐటీ సీటు వచ్చింది. బీటెక్ ట్యూషన్ ఫీజు ఏడాదికి 2 లక్షలు, ఇంటి ఆదాయం లక్ష లోపు ఉంటే మొత్తం మాఫీ, లక్ష నుంచి 5 లక్షల దాకా అయితే మూడింట రెండు వంతులే మాఫీ. మీసేవలో అప్లై చేస్తే మా కాగితంలో 1,20,000 అని వచ్చింది. అంటే ఏటా 66 వేల పైనే కట్టాలి, హాస్టల్, మెస్ వేరే. హైదరాబాద్‌ కార్పొరేట్ కాలేజీలో లక్షలు పోసి చదివిన మా వీధి పిల్లోడికేమో 90 వేలని ఇచ్చారు, వాళ్లకు రెండు షాపులున్నాయి, ఇంటి ముందు కారుంది! అడిగితే గొడవ, రేపు మళ్లీ ముఖాలు చూసుకోవాలి కదా, అది వదిలేశాను.

నాన్నకు జీతం చీటీ అంటూ ఉండదు, బస్తాకింత అని చేతికిస్తారు, సీజన్ లేకపోతే అదీ లేదు. మళ్లీ అప్లై చేస్తే ఏం చూపించాలి? రేషన్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు సరిపోతాయా? ఆర్డీవోకు అర్జీ పెట్టి మార్పించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ముందు లోన్ తీసుకుని కట్టేసి, తర్వాత మాఫీ తెచ్చుకోవచ్చా? తెలిసినవాళ్లు కొంచెం చెప్పండన్నా, సీటు ఫీజు గడువు దగ్గర పడింది, ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.