ప్యాలెటైజింగ్ రోబో: వాళ్ల లెక్క మూడేళ్లు, నా లెక్క ఆరేళ్లు

ప్యాకింగ్ సూపర్‌వైజర్:
పొద్దుట్నుంచి ఎక్సెల్ ముందే కూర్చున్నాను. లైన్ చివర పెట్టెలు ప్యాలెట్ మీద పేర్చడానికి రోబో పెడదామంటోంది మేనేజ్‌మెంట్. పెట్టుబడి మూడేళ్లలో తిరిగొస్తుందని అమ్మేవాళ్లు అంటున్నారు. నాకేమో ఆరేళ్లు వస్తోంది. ధర అదే, ఒక్కో మనిషి జీతమూ అదే. రేపే మీటింగు, ఒకటే టెన్షన్. తేడా ఎక్కడొస్తోంది?

లైన్ మెకానిక్:
షిఫ్టులెన్ని?

పాత ఫిట్టర్:
రోబో చెయ్యి ధర ఒక్కటే వేస్తే సరిపోదండీ. గ్రిప్పర్ (పెట్టెను పట్టుకునే భాగం), కన్వేయర్, చుట్టూ కంచె, ప్రోగ్రామింగ్ అన్నీ కలిస్తే చాలాసార్లు చెయ్యి ధరను దాటిపోతాయి. ఇక ఎవరూ రాయని ఖర్చు గాలి. పెట్టెను పీల్చి పట్టుకునే వాక్యూమ్ గ్రిప్పర్లు చాలావరకు కంప్రెస్డ్ ఎయిర్‌తోనే నడుస్తాయి. భోజనాల వేళ మెషీన్లన్నీ ఆపి కంప్రెసర్ దగ్గర నిలబడండి. ఎవరూ గాలి వాడకపోయినా అది మాటిమాటికీ లోడ్ తీసుకుంటుంటే (మళ్లీ గాలి నింపుతుంటే), అదంతా లీకేజీయే. జాయింట్లకు సబ్బునీళ్లు రాస్తే బుడగలొస్తాయి. ముందు అవి బిగించండి, ఆ కరెంటు బిల్లు ఇవాళ్టి నుంచే తగ్గుతుంది.

అకౌంట్స్:
గాలి సంగతి తర్వాత. పేబ్యాక్, అంటే డబ్బు ఎన్నేళ్లలో తిరిగొస్తుందనే లెక్క చూసి మెషీన్ కొనడమే తప్పు. ఎన్‌పీవీ వేయండి, అంటే రాబోయే ఏళ్ల ఆదానంతా వడ్డీ లెక్కతో ఇవాళ్టి విలువకు మార్చి, అందులోంచి పెట్టుబడి తీసేయండి. డబ్బు తిరిగొచ్చాక మెషీన్ ఇంకెన్నేళ్లు పనిచేస్తుందో పేబ్యాక్‌లో కనపడదు, వడ్డీ లెక్కా ఉండదు.

పాత ఫిట్టర్:
ఒక్క రోబోకి పేబ్యాక్ చాలు. మీ ఎన్‌పీవీలో వడ్డీ రేటు కాస్త మారిస్తే జవాబే మారిపోతుంది.

అకౌంట్స్:
రేటు ఎంత వేయాలో చెప్పడానికే మేమున్నాం.

ప్లానింగ్:
అసలు లైన్‌లో ఏది నెమ్మది? ఫిల్లింగ్ దగ్గర పని ఆగుతుంటే, చివర్లో ఎంత వేగంగా పేర్చినా ఒక్క పెట్టె కూడా ఎక్కువ రాదు. 2018లో మోడల్ 3 కార్ల తయారీ వెనకబడినప్పుడు, టెస్లాలో ఆటోమేషన్ మితిమీరిందని, అది తన తప్పేనని మస్క్ స్వయంగా అన్నాడు.

ప్యాకింగ్ సూపర్‌వైజర్:
ఒకే షిఫ్టు. అది చెప్పాలా?

లైన్ మెకానిక్:
అదే చెప్పాలి. రెండు షిఫ్టులు నడిస్తే జీతాల్లో ఆదా రెట్టింపు, ఆరేళ్లు మూడేళ్లవుతుంది. వాళ్ల షీట్‌లో రోజుకు పని గంటలు ఎంత వేశారో చూడండి.

ప్యాకింగ్ సూపర్‌వైజర్:
16 వేశారు! థాంక్సండీ. పెట్టె సైజు మారినప్పుడల్లా గ్రిప్పర్ కూడా మార్చాలంటున్నారు, ఆ టైమ్ ఎక్కడ వేయాలి?

ప్లానింగ్:
రోజుకు ఎన్నిసార్లు మారుతుంది?

అకౌంట్స్:
అది కూడా ఎన్‌పీవీలోనే వేయొచ్చు.