మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్ (ఇప్పటి అహిల్యానగర్) ట్యాంకుల మ్యూజియానికి నడవలేని పెద్దాయన్ను తీసుకెళ్లొచ్చా?

మాది కావలి. మా పెదనాయన 1971 యుద్ధంలో తూర్పు వైపు పీటీ-76 ట్యాంకు నడిపిన మనిషి. నీళ్లలో ఈదుకుంటూ పోయే ఆ రష్యా ట్యాంకు కబుర్లు మొదలుపెడితే అన్నం సంగతే మర్చిపోతాడు. ఆయన బాగున్నప్పుడే దాన్ని మళ్లీ చూపించాలని నా కోరిక.

1994లో పెట్టిన ఆ మ్యూజియంలో చాలా బండ్లు ఆరుబయటే ఉంటాయంట. పీటీ-76 కూడా బయటే ఉందా? దగ్గరికెళ్లి చెయ్యేసి తాకనిస్తారా? ఆయనకది చాలా ముఖ్యం. మోకాళ్లు అరిగిపోయాయి, చక్రాల కుర్చీ పోయే దారి ఉందా? మధ్యలో కూర్చోను నీడ దొరుకుతుందా? మాజీ సైనికుడి కార్డు చూపిస్తే మా కారును మ్యూజియం లోపలిదాకా పోనిస్తారా?

రేణిగుంట మీదుగా దౌండ్ దాకా రైల్లో పోయి, అక్కడ కారు మాట్లాడుకుందామనుకుంటున్నా. పెద్దవాళ్లతో ఆ దారిన వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి. సంక్రాంతి తర్వాత బయల్దేరాలని ఉంది.