ఆకు రంధ్రాలకు స్విచ్చి పెడితే మన మెట్ట పొలాలకు పనికొస్తుందా?

నాగావళి కుర్రాడు:
నీరు తగ్గితే మొక్కలో అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను పెరుగుతుంది. పివైఆర్1 అనే గ్రాహక ప్రొటీను దాన్ని పట్టుకుని పత్రరంధ్రాలు మూయిస్తుంది, కరువుకు అక్కరకొచ్చే జన్యువులను పనిలో పెడుతుంది. హార్మోనునే చల్లుదామంటే ఖరీదెక్కువ, పైగా ఎండకు చెడిపోతుంది. అందుకే 2015లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రివర్‌సైడ్‌లో షాన్ కట్లర్ బృందం గ్రాహకాన్నే ఆరు చోట్ల మార్చింది. ఇప్పుడది మాండిప్రోపమిడ్ అనే బూజు మందుకు స్పందిస్తుంది. జన్యుమార్పిడితో ఆ గ్రాహకం పెట్టిన మొక్కలు, ఆ మందు కొడితే నీళ్లు లేకపోయినా ఎక్కువ రోజులు తట్టుకున్నాయి. రణస్థలం, చీపురుపల్లి మెట్టలకు ఇలాంటిది రావాలంటాను.

శివారు రైతు:
మళ్లీ మందేనా?

నాగావళి కుర్రాడు:
కొత్త మందు కాదు బాబాయ్. టమాటా, బంగాళాదుంపలకొచ్చే లేటు బ్లైటు తెగులుకు ఇప్పటికే కొడుతున్నదే.

శివారు రైతు:
పాతదైనా మందు మందే కదా. నాలుగేళ్ల కిందట కొట్టువాడు తెగులుకని ఇచ్చిన సీసా కొడితే అరెకరం మిరప ఆకు మాడిపోయింది. బిల్లు అడిగితే చిత్తుకాగితం మీద రాసిచ్చాడు. ఇప్పుడు విత్తనమూ వాళ్లదే, మందూ వాళ్లదే అంటే రెండు చేతులా దోచుకోడానికేనా?

బొబ్బిలి మాస్టారు:
కుర్రాడా, గ్రాహకం నేరుగా జన్యువు మీదకెళ్లి కూర్చోదు. పీపీ2సీ అనే ఎంజైములు బ్రేకులాంటివి. గ్రాహకం వాటిని పట్టేస్తే, స్నార్క్2 ఎంజైములకు స్వేచ్ఛ దొరుకుతుంది. అసలు పని అవి చేయిస్తాయి. ఇంకో మాట. రంధ్రాలు మూసుకుంటే నీరు బయటికి పోదు, నిజమే. కార్బన్ డయాక్సైడ్ కూడా లోపలికి రాదు. ఆకు వేడెక్కుతుంది, ఎదుగుదల తగ్గుతుంది. ఊరికే ఏదీ రాదు.

నాగావళి కుర్రాడు:
అందుకే గదా మాస్టారూ స్విచ్చి అంటున్నది! ఎప్పుడూ మూసి ఉంచమని కాదు. వానలు మొహం చాటేసిన పది రోజులు మూసి, తర్వాత వదిలేయడమే.

ఉద్దానం:
జన్యుమార్పిడి చేసిన బీటీ వంకాయనే 2010లో ఆపేశారు. ఇది వచ్చేసరికి మనవలకు పెళ్లిళ్లవుతాయి.

శివారు రైతు:
ఏ పది రోజులు? అది ముందే ఎవడికి తెలుసు? తప్పు రోజున కొడితే మందు ఖర్చు ఎవడిస్తాడు?

నాగావళి కుర్రాడు:
నేను గ్రాహకం గురించి చెబుతుంటే మీరు కొట్టువాడి దగ్గరే ఆగిపోయారు. చదవకుండా అడ్డం పడితే ఎలా?

శివారు రైతు:
చదువుకున్నావు సరే. పొలం వదిలేసి హైదరాబాద్‌లో ఏసీలో కూర్చున్నావు. నీకేటి తెలుసు?

బొబ్బిలి మాస్టారు:
ఇద్దరూ కాస్త ఆగండి.

నాగావళి కుర్రాడు:
ఆగను మాస్టారూ. మాదీ కాలువ శివారే బాబాయ్, రెండెకరాలు. మా నాన్న నీళ్ల కోసం లాకుల దగ్గర రాత్రుళ్లు పడుకునేవాడు. చివరికి విసిగి కౌలుకిచ్చేశాడు. ఆ కాలువ బాగుపడుతుందని నాకు నమ్మకం లేదు. మొక్కనైనా మారుద్దామంటున్నాను.

శివారు రైతు:
ఈ మాట ముందే చెప్పొచ్చుగా. నాకు మందు మీద కంటే ఇదే భయం. కరువును తట్టుకునే మొక్క వచ్చిందంటే, శివారుకు నీళ్లెందుకని అడిగేవాళ్లు తయారవుతారు. నువ్వు మొక్కకు చెప్పుకుంటున్నావు, నేను కాలువ నీళ్లు వదిలే లస్కరుకు చెప్పుకుంటున్నాను.

నాగావళి కుర్రాడు:
లస్కరు విన్నాడా?

శివారు రైతు:
మొన్న సోమవారం ఒక పూట వదిలారు. మా మడి దాకా రాలేదు.

ఉద్దానం:
సందులో సందు, ఆ మాండిప్రోపమిడ్ జీడికి కొట్టొచ్చా? పూత మాడిపోతోంది.

బొబ్బిలి మాస్టారు:
వద్దు. అది లేటు బ్లైటు జాతి బూజులకే పనిచేస్తుంది. ముందు టీ దోమ ఉందేమో చూడు, పూత ఫొటో పెట్టు.