ఈ వారం సమస్య: వాన కురిసినపుడె వరికి దప్పి

నిర్వాహకుడు: ఆటవెలది నాలుగో పాదం. ఐదూ సూర్యగణాలే, వా–వ యతి. ఉభాల (వరినాట్ల) రోజుల సమస్య కాబట్టి గణాలతోపాటు మడిలో జరిగేదీ చూస్తాం. వానకీ దప్పికీ పొత్తు ఎలా కుదిరిందో పద్యమే చెప్పాలి.

మడిగట్టు:
నారు పీకు వేళ నలిగి వేరులు తెగె
నీట నిలిచి కూడ నీరు తాగ
లేక యాకు ముడిచె లేతమొక్క గదయ్య
వాన కురిసినపుడె వరికి దప్పి

నాగావళి: భేష్! అసలు దప్పి ఇదే. మడి నిండా నీళ్లున్నా తెగిన వేరు పీల్చలేదు. ఆకుమడికి (నారుమడికి) ముందురోజే నీరు పెడితే బురద వదులై వేరు తెగకుండా వస్తుంది. కుదురుకు రెండు మూడు మొక్కలు, రెండు మూడు సెంటీమీటర్ల లోతు చాలు. నారు మోపులు మిగిలిపోతున్నాయని తొందరపడి లోతుగా గుచ్చితే పిలక ఆలస్యమవుతుంది. మూన తిరిగేదాకా, అంటే నాటిన మొక్క వేరూని పచ్చబడేదాకా, పలచగా నీరుంచాలి, ముసురొస్తే గట్టు తెగ్గొట్టి ఎక్కువైనది వదిలేయాలి. ఆకు (నారు) పొడుగ్గా ఎదిగిపోతే కొనలు తుంచి నాటితే వాడిపోవడం తగ్గుతుంది.

తొలకరి:
ముసురు పట్టువేళ మూర్ఖుడై యూరియా
జల్లె, గట్టు పొర్లి నీట గలిసె
తిండి యేటిపాలు తెల్లబోయెను రైతు
వాన కురిసినపుడె వరికి దప్పి

నాగావళి: రెండో పాదంలో జ–నీ యతి చెల్లదు బాబూ. ‘జల్లె, గట్టు పొర్లి జారె నీట’ అంటే కుదురుతుంది. పెద్ద తప్పు వేరే ఉంది: ఎరువు పోతే పైరుకి ఆకలి, దప్పి కాదు. సమస్య తీరనేలేదు. విషయం మాత్రం నిజం. నీరు తీసేసి బురద పదునులో యూరియా చల్లి, 36–48 గంటలయ్యాక నీరు పెట్టాలి. మబ్బు చూసి కూడా బస్తా విప్పితే అంతే సంగతులు.

శివారు రైతు:
గట్టు తెగిన కాల్వ గండి పూడకపోయె
చివరి మడికి చుక్క చేరదాయె
ఏరు పొంగిపొరలె నిటు మడి యెండగ
వాన కురిసినపుడె వరికి దప్పి

మడిగట్టు: యతులు బాగున్నాయి. కానీ వాన ఇక్కడే పడితే మడి ఎందుకెండుతుంది మాస్టారూ? వంశధారకి నీరు ఒడిశా కొండల నుంచి కదా. గొట్టా బ్యారేజీ దగ్గర వరదున్నా ఎడమ కాలువ శివారుకి అందని రోజులుంటాయి. మూడో పాదం ‘ఎగువ కొండలందె యేరు పొంగెను గాని’ అని మారిస్తే వాన ఎక్కడిదో తేలిపోతుంది.

శివారు రైతు: మార్చేశాను. మీదే బాగుంది.

పసుపుకొమ్ము:
అమ్మవారి గుడికి నందరు ముర్రాట
పోసి మొక్కి రాగ పొలము తడిసె
ఇల్లు కుదుటబడియె నెండల గండంబు
వాన కురిసినపుడె వరికిఁ దప్పి

నిర్వాహకుడు: విరుపు అదిరింది. వరికిన్ + తప్పి, అరసున్నతో దప్పికే మాయం! గండం తప్పి ఇల్లు కుదుటపడిందని అన్వయం. ముర్రాట కుండలో పసుపునీళ్లు, వేపాకు కళ్లకి కట్టాయి.

నాగావళి: పద్యానికి నూటికి నూరు. గండం తప్పిందన్నది మాత్రం ఒప్పుకోను. అమ్మ వాన ఇచ్చినా ఆకు వయసు వెనక్కి రాదు. నెలకో వారం లెక్కన, స్వర్ణలాంటి ఐదు నెలల రకానికి ఐదు వారాల ఆకు, నాలుగు నెలలదానికి నాలుగు. అది దాటితే కుదుళ్లు దగ్గర చేసి నాలుగైదు మొక్కలు పెట్టాలి.

పసుపుకొమ్ము: మొక్కు తీర్చింది ఆకుమడి పోసినప్పుడే అనుకోండి మాస్టారూ, లెక్క సరిపోతుంది.