సాఫ్ట్‌వేర్ పేపర్‌లో బొమ్మలు అర్థం కాలేదన్నారు, ఏం మార్చాలి?

గాదంకి_గాలి:

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. దగ్గర్లోని గాదంకిలో పైగాలులను కొలిచే ఎంఎస్‌టీ రాడార్ డేటా మీద నా పని. రాడార్ స్పెక్ట్రమ్‌లో (తిరిగొచ్చిన సిగ్నల్‌లో ఏ వేగం దగ్గర ఎంత బలం ఉందో చూపే గ్రాఫ్) నాయిస్ తీసేసి, ఏ ఎత్తులో గాలి ఎంత వేగంగా వీస్తోందో లెక్కగట్టే పైథాన్ ప్యాకేజీ రాశాను. దాని మీద చిన్న పేపర్ పంపితే, రివ్యూయర్ కోడ్ బాగుందన్నారు కానీ బొమ్మలు ఏం చెబుతున్నాయో తెలియడం లేదని రాశారు.

మొత్తం నాలుగు ఉన్నాయి. మొదటిది ప్యాకేజీలోని క్లాసులన్నీ పెట్టెలుగా, మధ్యలో బాణాలు. రెండోది ఒక రోజు డేటా: అడ్డంగా సమయం, నిలువుగా ఎత్తు, రంగుల్లో నిలువు గాలి వేగం. రంగులు 'జెట్' (నీలం నుంచి పసుపు మీదుగా ఎరుపు దాకా, ఇంద్రధనుస్సు లాంటివి). మూడోది మా ల్యాబ్ పాత ఫోర్ట్రాన్ ప్రోగ్రామ్ కన్నా మాది ఎంత వేగమో చూపే బార్ చార్ట్, లాగ్ స్కేల్లో. నాలుగోది బెలూన్ సోండ్ (బెలూన్‌కి కట్టి పైకి పంపే పరికరం) కొలిచిన గాలులతో పోలిక, చుక్కల గ్రాఫ్. గైడ్ సార్ రంగులు మార్చి పంపించెయ్ అంటున్నారు. అంతటితో సరిపోతుందా? టెన్షన్‌గా ఉంది.

పాకాల_జంక్షన్:

300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) పెట్టావా బ్రదర్? సగం జబ్బు అక్కడే ఉంటుంది. లేదంటే పీడీఎఫ్‌గా సేవ్ చెయ్, ఎంత జూమ్ చేసినా చెదరదు. జేపెగ్ మాత్రం వద్దు, అక్షరాల చుట్టూ మురికి పట్టినట్టు వస్తుంది.

చంద్రగిరి_అక్క:

పాకాల తమ్ముడు చెప్పింది నిజమే కానీ రివ్యూయర్ మసకగా ఉందనలేదు, అర్థం కాలేదన్నారు. అది డీపీఐతో పోయేది కాదు. నేను కొన్నాళ్ళు రాడార్ డేటాతోనే పనిచేశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు మొదటి బొమ్మ తీసెయ్. క్లాసుల పటం నీకు ముద్దు, చదివేవాళ్ళకు కాదు. అది డాక్యుమెంటేషన్‌లో ఉంటే చాలు. దాని స్థానంలో, ఒకే ఎత్తు దగ్గర ఒకే ఒక్క అసలు స్పెక్ట్రమ్ తీసుకో. ఎడమ పక్క రాడార్ ఇచ్చింది ఇచ్చినట్టుగా. మధ్యలో అదే స్పెక్ట్రమ్ మీద నీ ప్రోగ్రామ్ లెక్కగట్టిన నాయిస్ మట్టం ఒక అడ్డగీత. కుడి పక్క నాయిస్ పోయాక మిగిలిన శిఖరం, దాని మీద డాప్లర్ వేగం (రాడార్ చూసే దిక్కులో గాలి వేగం) గుర్తు. మూడింటికీ అక్షాలు ఒకటే ఉండాలి. నీ ప్యాకేజీ చేసే పనంతా ఆ ఒక్క వరుసలో కనిపిస్తుంది. నాయిస్ మట్టం లెక్కగట్టడానికి హిల్డెబ్రాండ్–సెఖోన్ పద్ధతే వాడుంటావు, ఎక్కువమంది వాడేది అదే. 1974 నాటిది కదా, బొమ్మ కింద ఒక ముక్క చెబితే చాలు, పేరా అక్కర్లేదు.

రెండో బొమ్మలోనే అసలు గొడవ. 'జెట్'లో వెలుగు సమంగా పెరగదు. పసుపు దగ్గర ఒక్కసారి మెరిసి మళ్ళీ ముదురుతుంది. డేటాలో లేని అంచులు కంటికి కనిపిస్తాయి. పైథాన్‌లో బొమ్మలు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ వాళ్ళే 2017లో వచ్చిన 2.0 వెర్షన్‌లో దాన్ని పక్కనపెట్టి, ఊదా నుంచి పసుపు దాకా వెలుగు సమంగా పెరిగే 'విరిడిస్' తెచ్చారు. అలాగని నువ్వు వెళ్ళి విరిడిస్ పెట్టేయకు. అది సిగ్నల్ బలం లాంటి వాటికి బాగుంటుంది. నిలువు గాలికి పైకీ కిందికీ రెండు దిక్కులున్నాయి. కాబట్టి నీలం, తెలుపు, ఎరుపు వాడు, తెలుపు కచ్చితంగా సున్నా దగ్గరే పడేలా రెండు వైపులా ఒకే హద్దు పెట్టు. ఎరుపు పైకా కిందికా అన్నది రంగుపట్టీ పక్కనే రాయి. ఆకుపచ్చ–ఎరుపు జంట వద్దు. యూరప్ మూలాల మగవాళ్ళలో సుమారు పన్నెండు మందిలో ఒకరికి ఆ తేడా సరిగా తెలియదు, నీ రివ్యూయరే వాళ్ళలో ఒకరు కావచ్చు.

ఇక్కడ చాలామంది పట్టించుకోనిది ఒకటుంది. తెలుపు సున్నా అయ్యాక, డేటా లేని చోటు కూడా తెల్లగా వదిలేస్తే అక్కడ గాలి కదలడం లేదని చదువుకుంటారు. డేటా లేని చోట బూడిద రంగు వెయ్.

ఇంకోటి, సాయంత్రం ఉరుముల వాన పడిన రోజే తీసుకునుంటావు, అందరం అదే తీసుకుంటాం. ఆ మేఘం నడుమ వేగం సెకనుకు మీటర్లలో ఉంటుంది, మిగతా రోజంతా సెంటీమీటర్లలో. మేఘాన్ని బట్టి హద్దు పెడితే మిగతాదంతా వెలవెలబోతుంది. హద్దు తగ్గించి, రంగుపట్టీ రెండు చివర్లా బాణాలు పెట్టు, దాటినవి ఉన్నాయని తెలుస్తుంది. సమయం ఐఎస్‌టీనా యూటీసీనా? మనకు సాయంత్రం 5:30 అంటే యూటీసీ 12:00. అది రాయకపోతే బయటి దేశంవాళ్ళు మన సాయంత్రపు వానను మిట్టమధ్యాహ్నం వాన అనుకుంటారు.

మూడో బొమ్మలో ఉన్నవి రెండే అంకెలైతే బొమ్మెందుకు, వాక్యంలో రాసెయ్. లాగ్ స్కేల్లో సున్నా ఉండదు, ఇక బార్ పొడవుకు అర్థమేముంది? డేటా సైజు పెరిగేకొద్దీ సమయం ఎలా పెరుగుతుందో చూపగలిగితే మాత్రం చుక్కలూ గీతలతో ఉంచు, ఏ ప్రాసెసర్ మీద నడిపావో కింద రాయి.

నాలుగోదానికి 1:1 గీత (రెండు కొలతలూ సమానమైతే చుక్కలు పడే గీత) పెట్టు, రెండు అక్షాలకూ ఒకే స్కేలు. చుక్కల మీద చుక్కలు పడి నల్లగా ముద్దయిపోతే సాంద్రత పటం (ఎక్కడ ఎన్ని చుక్కలున్నాయో రంగుల్లో చూపేది) వెయ్. దాని పక్కన ఎత్తును బట్టి తేడా చూపే బొమ్మ ఒకటి చాలా అవసరం. నైరుతి రుతుపవనాల కాలంలో 16 కి.మీ. చుట్టుపక్కల తూర్పు గాలి జోరుగా ఉంటుంది, బెలూన్ అక్కడికి చేరేలోపు రాడార్ నెత్తి మీద నుంచి దూరంగా కొట్టుకుపోతుంది. ఆ ఎత్తులో తేడా వస్తే తప్పంతా నీ ప్రోగ్రామ్‌ది కాకపోవచ్చు. వట్టి కోరిలేషన్ అంకెలో ఇదేమీ కనపడదు.

కోడూరు_కోడ్:

అక్కా, క్లాసుల పటం మొత్తానికే వద్దంటే ఎలా? ఎవరైనా కోడ్‌లో చెయ్యి పెట్టాలంటే అదే దారి కదా.

చంద్రగిరి_అక్క:

చెయ్యి పెట్టేవాళ్ళు రిపోజిటరీకి వస్తారు, అక్కడ పెట్టమనే అంటున్నాను. పేపర్ చదివేవాళ్ళకు ముందు ఇది తమ పనికి వస్తుందో లేదో తేలాలి.

గాదంకి_గాలి:

చాలా థాంక్స్ అక్కా. మొదటి బొమ్మ సార్‌కి బాగా ఇష్టం, ఎలా చెప్పాలో చూస్తాను. రెండు చిన్న సందేహాలు. రెండో బొమ్మ పీడీఎఫ్ మరీ బరువుగా వస్తోంది, తెరవడానికే నిమిషం పడుతోంది. అక్షరాల సైజు ఎంత ఉండాలి?

చంద్రగిరి_అక్క:

రంగుల గళ్ళ భాగానికి మాత్రం రాస్టరైజ్డ్ ఆన్ చెయ్, అది ఫొటోలా చుక్కలుగా మారుతుంది, అక్షరాలూ గీతలూ జూమ్‌కి చెదరని వెక్టర్‌గానే ఉంటాయి. బరువు దిగిపోతుంది.

సైజు విషయం: పెద్దగా గీసి తర్వాత కుదించకు, అక్షరాలు చీమలైపోతాయి. ఒక కాలమ్ చాలా జర్నల్స్‌లో దాదాపు 9 సెం.మీ. ఉంటుంది. మొదటినుంచే ఫిగ్‌సైజ్ (బొమ్మ కొలత) అంత పెట్టి, అక్షరాలు 7, 8 పాయింట్లు ఉంచు. అయ్యాక యూనివర్సిటీ దగ్గర జిరాక్స్ షాపులో 'ఫిట్ టు పేజ్' లేకుండా అసలు సైజులో ప్రింట్ తీయించు. నలుపు తెలుపులో నీలం, ఎరుపు రెండూ దాదాపు ఒకేలాంటి బూడిద రంగులో రావచ్చు, కాబట్టి ముఖ్యమైన చోట సున్నా గీత కూడా గీసిపెట్టు. సార్‌కి కూడా ఆ కాగితమే చూపించు, ల్యాప్‌టాప్‌లో వద్దు. కొత్త బొమ్మ, పాత క్లాసుల పటం పక్కపక్కన పెట్టి, కింద వివరణ చదవకుండా ఏం అర్థమైందో చెప్పమను.

బొమ్మలు గీసిన స్క్రిప్టులు కూడా రిపోజిటరీలో పెట్టడం మరిచిపోకు, సాఫ్ట్‌వేర్ పేపర్‌కి రివ్యూయర్ తర్వాత అడిగేది అదే.