చింతూరు అడవిలో ఉన్న గుత్తికోయ కుటుంబాలకు ఏం పట్టుకెళ్లాలి?

కృష్ణలంక_వాణి:
2005లో మావోయిస్టుల మీదికి ప్రభుత్వ అండతో సల్వాజుడుం అనే సాయుధ దళాలు మొదలయ్యాక ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ, సుక్మా వైపు నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన గుత్తికోయ ఆదివాసులు ఇంకా చింతూరు అడవి గుడిసెల్లోనే ఉన్నారు. మా అపార్ట్‌మెంట్‌లో 40 వేలు పోగయ్యాయి. బియ్యం కొనాలా, బట్టలా? వానలు పడకముందే వెళ్లాలి. ఎవరైనా బండి మాట్లాడిపెడతారా?

సింగ్‌నగర్_రాజు:
బట్టలు మాత్రం వద్దండీ. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మా ఇంట్లో నడుము లోతు. మూడోరోజు మూటలు పడేసిపోయారు. చిరిగిన జాకెట్లు, చెమట మరకల చొక్కాలు. తాగడానికి చుక్క నీళ్లు లేవు. ఆ మూట ముందు కూర్చుని మా ఆవిడ ఏడ్చింది.

తెనాలి_సుబ్బారావు:
77 దివిసీమ ఉప్పెన నుంచీ సాయాల్లో తిరుగుతున్నవాణ్ణి, నాకు తెలుసు. అప్పుడు కట్టుగుడ్డ లేనివాళ్లకు మేమిచ్చిన పాత చీరలే దిక్కయ్యాయి. డబ్బు చేతికిస్తే మటుకు సారాకే పోతుంది.

మిర్చికోత_ప్రత్తిపాడు:
పెద్దవారు కాబట్టి మర్యాదగా అడుగుతున్నా, ఆ మాట వెనక్కి తీసుకోండి. మా చేలో కోతలకు ఏటా అటువైపు వాళ్లే వస్తారు. పోయినేడు ఒకామె చంటిదాన్ని గట్టున చీర ఉయ్యాల్లో పడుకోబెట్టి, చేతులు మండుతుంటే కొబ్బరినూనె రాసుకుని మళ్లీ సాల్లోకి దిగేది. కూలి డబ్బు కొంగున ముడేసుకుని గుంటూరు వెళ్లి ఏం కొన్నదో తెలుసా? రెండు దోమతెరలు, ఒక బిందె. పెద్దపిల్లాడు మలేరియాతో పోయాడట.

తెనాలి_సుబ్బారావు:
ఆవిణ్ణి నేనెక్కడన్నాను?

సింగ్‌నగర్_రాజు:
అందర్నీ కలిపి అన్నారుగా!

మంగళగిరి_లత:
నేను వకీలుని. వీళ్లకు అసలు దెబ్బ కాగితాల దగ్గరే. పక్క రాష్ట్రం నుంచి వచ్చారని ఇక్కడ ఎస్టీ సర్టిఫికెట్ ఇవ్వరు. అటవీ హక్కుల చట్టానికి గడువు 2005 డిసెంబరు 13, ఆ తర్వాత కొట్టుకున్న పోడుకు పట్టా రాదు. దేశం దాటలేదు కనక శరణార్థులూ కారు. ఇలాంటివాళ్ల కోసం 1998లో ఐరాస మార్గదర్శక సూత్రాలు వచ్చాయి, మనకు మాత్రం చట్టం లేదు. సల్వాజుడుం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. కాలిపోయిన ఊరికి తీర్పు పట్టుకుని ఎలా వెళ్తారు?

పటమట_శైలజ:
లతగారూ, మా పనమ్మాయిది ఒడిశా రేషన్ కార్డు. ఇక్కడ బియ్యం ఇస్తారా?

మంగళగిరి_లత:
కార్డుకి ఆధార్ కలిపి ఉంటే ఇస్తారమ్మా. డీలర్ కాదంటే తహసీల్దారుకి అర్జీ పెట్టించండి.

తెనాలి_సుబ్బారావు:
సారా మాట అనకుండా ఉండాల్సింది. దోమతెరలకు నావి 5 వేలు.

కృష్ణలంక_వాణి:
మందు పూసినవే తీసుకుంటాం, బిందెలు కూడా. బండి సంగతి ఎవరూ చెప్పలేదు.

మిర్చికోత_ప్రత్తిపాడు:
మా బొలేరో తెస్తానక్కా, భద్రాచలం మీదుగా పోదాం. డీజిల్ మీరు కొట్టించండి చాలు.