నాన్న యాషికా మ్యాట్ కెమెరాలో మీటరు ముల్లు కదలడం లేదు

నాన్న పెళ్లిళ్లకు వాడిన యాషికా మ్యాట్ 124జీ ఫిల్ము కెమెరా అటక మీద దొరికింది. తోలు కేసు తెరవగానే ఆయన స్టూడియో వాసనే! షట్టరు చక్కగా పడుతోంది, లెన్సులో ఫంగస్ లేదు. వెలుతురు కొలిచే మీటరు ముల్లే కదలడం లేదు. దానికి వేసే పాత మెర్క్యురీ బ్యాటరీ ఎక్కడా లేదంటున్నారు. ఏం చేయాలి?

> టెన్షన్ వద్దండీ, షట్టరుకు బ్యాటరీ అక్కర్లేదు. వినికిడి యంత్రాల్లో వేసే 675 బ్యాటరీ తెచ్చుకోండి. అది 1.4 వోల్టులు, పాతది 1.35. సైజు చిన్నది, చుట్టూ రబ్బరు వాషరు పెట్టండి. ముందు కాంటాక్టుల మీది పచ్చ తుప్పు వెనిగర్‌తో తుడవండి. హుడ్ (కెమెరా పైమూత) తెరిస్తేనే మీటరు పనిచేస్తుంది, అది మర్చిపోకండి.

> నేనైతే మీటరే చూడను. మంచి ఎండలో అపర్చరు ఎఫ్16, 400 ఫిల్ముకి షట్టరు 1/500 సెకను.

తుప్పు తుడిచి బ్యాటరీ వేశానండీ, ముల్లు లేచింది! రేపు పొద్దున్నే గోదావరి గట్టుకు. పన్నెండు ఫ్రేముల్లో మొదటిది అమ్మదే.